రెండో రిమోట్‌లో ఉన్నదెవరు

మొన్న కంచరపాలెం వెళ్ళాను. ముందుగా ఫోన్ చెయ్యలేదు. చేస్తే మా సత్యవతి పిన్ని పని మానుకుని వంటింట్లో దూరుతుంది, నేను తినలేనన్ని వండుతుంది. తీరా వెళితే తలుపుకి తాళం. గుమ్మం పక్కన గోడకి మాత్రం ఆ పాత చెక్క పలక అలాగే ఉంది. దానికి ఎనిమిది మేకులు. ఒకదానికి గొడుగు, ఒకదానికి సంచి, ఇంకోదానికి గుచ్చిన కరెంటు బిల్లులు వేలాడుతున్నాయి. పిన్ని మేకు మాత్రం ఖాళీగా ఉంది. ఖాళీగా ఉందంటే పిన్ని పనికి వెళ్ళిందని అర్థం. అరుగు మీద కూర్చున్నాను. రైలు కట్ట మీద గూడ్సు బండి వెళుతుంటే అరుగు సన్నగా వణికింది. నా చిన్నప్పుడూ ఇలాగే వణికేది. ఆ మేకు ఖాళీ అయిన మొదటి రోజు గుర్తొచ్చి, ఒంటరిగా కూర్చుని, ఈ వయసులో, గట్టిగా నవ్వేశాను.

ఆ పలక మా తాత బిగించింది. అమ్మ తండ్రి. పోర్టు వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ గేటు దగ్గర పెద్ద బోర్డు మీద ప్రతి మనిషికీ ఒక మేకు, మేకుకి నంబరున్న ఇత్తడి బిళ్ళ ఉండేవట. పనిలోకి వెళ్ళేవాడు తన బిళ్ళ తీసుకుని వెళతాడు, దిగిపోయేటప్పుడు తగిలిస్తాడు. ఫోర్‌మన్ ఒక్కసారి బోర్డు చూస్తే చాలు, ఎవరు పనిలో ఉన్నారో తెలిసిపోతుంది. తాత ఉద్యోగం వదిలాడుగానీ ఆ అలవాటు వదల్లేదు. డబ్బా రేకుని గుండ్రంగా కోసి, ఇంట్లో ఆరుగురికీ బిళ్ళలు చేశాడు. పలక మీద ఖాళీ ఉంది కదా అని మరో రెండు మేకులు చుట్టాల కోసం కొట్టి, వాటికీ బిళ్ళలు తగిలించాడు. గుమ్మం దాటేవాళ్ళు బిళ్ళ తీసుకుపోవాలి. మరిచిపోతే సాయంత్రం విచారణ తప్పదు. మా నాన్న స్టీలు కర్మాగారంలో షిఫ్టులకి వెళ్ళేవాడు. ఆయన మేకు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో, ఎప్పుడు నిండుతుందో చూసి మేం ఆయన షిఫ్టు చెప్పేవాళ్ళం.

ఆదివారం పొద్దున్న ఇదే అరుగు మీద సభ జరిగేది. నాస్తికుడైన తాత దాన్ని సభ అనే అనేవాడు. దయ్యాలున్నాయా, జాతకాలు నిజమా, ఆడపిల్లకి ఆస్తి ఎందుకివ్వరు అని వీధిలో ఎవరైనా వచ్చి వాదించవచ్చు. ఎదుటి పక్షంవాడికి మంచి కుర్చీ, మొదటి టీ. మధ్యలో అడ్డొచ్చినవాడు లేచి వెళ్ళి కుళాయి దగ్గర అందరికీ బిందెడు నీళ్ళు పట్టుకురావాలి. ఇంత చిన్న నియమంతో ఎంత కోపాన్ని అదుపు చెయ్యవచ్చో నాకు అక్కడే తెలిసింది. నేటి టీవీ చర్చలకి ఆ బిందె ఒక్కటిస్తే బాగుండును. అమ్మమ్మ మాత్రం తాత సభ జరిగినంతసేపూ వంటింటి అలమారులోని దేవుళ్ళ ముందు కూర్చునేది. దణ్ణం పెట్టుకోవడం అయ్యాక అలమారు తలుపు మూసేసి, ఉప్మా తెచ్చి నాస్తికులందరికీ వడ్డించేది. గాలి పోర్టు వైపు నుంచి వీస్తే ఆరేసిన బట్టల మీద ఎర్రటి ఖనిజం దుమ్ము పడేది. సముద్రం వైపు నుంచి వీస్తే ఉప్పు తేమకి ఇత్తడి తలుపు గొళ్ళేలు పచ్చగా చిలుం పట్టేవి. ఇంట్లో ప్రతి లోహపు వస్తువుకీ ఏదో ఒక రంగు ఉండేది.

సత్యవతి పిన్ని అమ్మ తరవాతది. ఆవిడ భర్త, మా బాబాయి, ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆటలంటే పిచ్చి. ఓడ మీద వచ్చినవాడెవడి దగ్గరో టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ పెట్టె కొన్నాడు. దానికి రెండు రిమోట్లు. చేతిలో పట్టుకునేదాన్ని మేమంతా రిమోటే అనేవాళ్ళం. నాలుగు వైపుల బాణాలు, ఇంకో నాలుగు బటన్లు, మొత్తం ఎనిమిది. బాబాయి ఎప్పుడూ రెండో రిమోటే పట్టుకునేవాడు, మొదటిది ఎదుటివాడికిచ్చేవాడు. పచ్చకామెర్లు వచ్చి పోయాడు. అప్పుడు పిన్ని వయసెంతో తలుచుకుంటే ఇప్పుడు నా కూతుళ్ళ కంటే చిన్నది. ఆవిడ నుదుట బొట్టు తుడిచేశారు. ఏడాదిపాటు మూల కూర్చోవాలన్నారు. మనిషి పోతే ఆ దుఃఖం ఎలాగూ ఉంటుంది. ఆ దుఃఖం మీద మళ్ళీ జైలుశిక్ష వేసే తెలివి మన ఆచారానికే ఉంది. భార్య పోయిన మగవాణ్ణి ఏ మూలా ఎవడూ కూర్చోబెట్టడు. పుట్టింటికి తిరిగొచ్చిన పిన్ని బిళ్ళ ఏడాది పొడవునా తన మేకు మీదే వేలాడింది. కదిలించేవాళ్ళు లేక దాని చుట్టూ పలక మీద తుప్పు గీత పడింది.

ఏడాది తిరగగానే తాత వీధి గది ఖాళీ చేసి పిన్నికిచ్చాడు. రెండు పాత టీవీలు, ఆ గేమ్ పెట్టె, మరొకటి తెచ్చి పిన్ని కొట్టు పెట్టింది. సాయంత్రమయ్యేసరికి రైల్వే క్వార్టర్స్ నుంచీ, జ్ఞానాపురం నుంచీ పిల్లలు వచ్చి పడేవాళ్ళు. ఆ గదిలో చెమట, వేరుశనగ పొట్టు, వేడెక్కిన టీవీ వాసన. పిన్ని స్టూలు మీద కూర్చుని, ఓడినవాణ్ణి లేపి, క్యూలో ఉన్నవాణ్ణి కూర్చోబెడుతూ, ఒకరోజు నాకు వినిపించేలా నవ్వింది. ఆ నవ్వు విని వంటింట్లో అమ్మమ్మ చేతిలో గరిటె ఆగిపోవడం నేను చూశాను.

వర్షాలు మొదలయ్యాక పుకారు పుట్టింది. రెండో రిమోట్ ఎవరూ ముట్టుకోకపోయినా తెర మీద బొమ్మ కుడివైపు నడిచిపోతోంది. గోడకి తగిలినా ఆగకుండా నడుస్తూనే ఉంది. మొదట పిల్లలు నవ్వారు. తరవాత ఎవరో పెద్దవాళ్ళు, అది బాబాయి రిమోట్ కదా అన్నారు. రిమోట్ తీసి రెండో పెట్టెకి తగిలిస్తే అక్కడా బొమ్మ నడిచింది. అది చూసి నేను, లోపం రిమోట్‌లో ఉందని రుజువైంది అన్నాను. వీధి మాత్రం, ఆయన రిమోట్‌తో పాటే వెళుతున్నాడని రుజువైంది అంది. ఒకే సాక్ష్యం, రెండు తీర్పులు. పిల్లల్ని పంపడం మానేశారు. పిన్ని సాయంత్రాలు ఖాళీ గదిలో రెండు టీవీల మధ్య ఒక్కతే కూర్చునేది.

అప్పుడొచ్చాడు బాబాయి అన్నగారు సన్నిబాబు, భీమిలి దాటాక వాళ్ళ ఊరి నుంచి. చెడ్డవాడని రాస్తే నాకు సుఖంగా ఉంటుందిగానీ అది అబద్ధం. తమ్ముణ్ణి భుజాల మీద మోసి పెంచిన మనిషి. ఏడాది తిరిగీ తిరక్కుండానే పిన్ని మనసు కొట్టు మీదకి పోయిందని, అందుకే తమ్ముడు కదల్లేక అక్కడే ఉండిపోయాడని ఆయన నమ్మాడు. కొట్టు మూసేసి పిన్ని తమ ఊరొచ్చి ఉండాలి, శాంతి చేయించాలి అన్నాడు. తాత ఆయనకి మంచి కుర్చీ వేసి, మొదటి టీ ఇచ్చి, అయితే వచ్చే ఆదివారం సభలో తేల్చుకుందాం అన్నాడు. బొమ్మ నడవడానికి కారణం మేం అందరి ముందూ చూపిస్తే సన్నిబాబు ఒక్కడే తిరిగి వెళ్ళాలి, చూపించలేకపోతే కొట్టు మూత. సన్నిబాబు ఒప్పుకుని, అప్పటిదాకా ఎవరూ ముట్టకూడదని రెండో రిమోట్‌ని తడి పసుపుగుడ్డలో చుట్టి, గదిలో బాబాయి ఫొటో ముందు పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న పిన్ని అప్పుడు నోరు విప్పింది. "నా కొట్టు మీద మీరిద్దరూ పందెం కాత్తన్నారు. నన్నడిగినోడు లేడు."

జీవితమంతా స్త్రీల హక్కుల మీద మాట్లాడిన మా తాత ముఖం చూడాలి అప్పుడు. లేచి నిలబడి, నీకిష్టమేనా అమ్మా అని అడిగాడు. పిన్ని నావైపు చూపించి, "తేల్సనీండి దాన్ని. నాకూ తెలాలి" అంది.

నావైపు ఎందుకంటే, అప్పుడు నేను ద్వారకా నగర్‌లో, బస్సు కాంప్లెక్సు వెనక ఒక మేడ మీద సీ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటున్నాను. ఆ రోజుల్లో నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. డిగ్రీ పుస్తకాలు ఏళ్ళు పట్టి చెప్పలేని సంగతి ఆ భాషలో రెండు గుర్తులు చెప్పేసేవి. కంప్యూటర్‌కి సంఖ్య అంటే మనం రాసే అంకె కాదు, వరసగా పెట్టిన ఒకట్లూ సున్నాలూ. ఒక్కో గడి ఒక బిట్. మొత్తం సంఖ్యని కదపకుండా, అందులో మూడో బిట్ ఒక్కటే ఏమంటోందో అడగవచ్చు. ఎనిమిది కన్నాలకి ఏడు మూసేసిన కాగితం పెట్టి చూసినట్టు, & అనే గుర్తు పెడితే అక్కరలేనివన్నీ కనుమరుగై, కావలసిన ఒక్కటీ మిగులుతుంది. << అని రాస్తే మొత్తం వరస ఒక గడి ఎడమకి జరిగి చివర ఖాళీ వస్తుంది. తాత నాకు చెప్పిందీ ఇదే కదా అనిపించింది. అందరూ కలిసి అరుస్తుంటే ఒక్కో ప్రశ్ననీ విడదీసి అడగమనేవాడు. ఇక్కడ యంత్రానికి ఆ పని సహజంగా వచ్చు.

ఆ రిమోట్ కూడా అలాగే మాట్లాడుతుందని నాకు సీ నేర్పే మా సార్ చెప్పాడు. కంప్యూటర్ ఒకసారి తడితే ఒక బటన్ సంగతి చెబుతుంది, మళ్ళీ తడితే రెండోది, అలా ఎనిమిదీ. చివరిది కుడి బాణం. నేను చెయ్యవలసిందల్లా వచ్చిన ఒక్కో బిట్‌నీ పట్టి, పాతవాటిని ఎడమకి జరిపి, కొత్తదాన్ని చివర చేర్చడం. ఎనిమిది తట్లకి ఎనిమిది బటన్లూ ఒకే సంఖ్యలో వచ్చి కూర్చుంటాయి. ఆ తరవాత ఎవరు నొక్కుతున్నారో దయ్యాన్ని కాదు, ఆ సంఖ్యని అడిగితే సరిపోతుంది.

మా ఇంట్లో నాన్న వేలంలో తెచ్చిన పాత కంప్యూటర్ ఉండేది, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు మాత్రమే వచ్చేవి. దాని వెనక ప్రింటరు తగిలించే చోటుకి తీగలు కలపాలి. రిపేరు షాపులో పాడైన గేమ్ పెట్టె నుంచి సాకెట్టు ఊడదీయించి తెచ్చి, వరండాలో కూర్చుని సోల్డరింగు మొదలుపెట్టాను. తీగల అతుకు కోసం కరిగించిన గుగ్గిలం పొగ ఇల్లంతా నిండింది. తాత లోపలి నుంచి, సాంబ్రాణి వేసిందెవరని కేకలేస్తూ వచ్చాడు. అమ్మమ్మ అలమారు తలుపు తెరిచి చూసి, నాను కాదు, ఈసారి మనవరాలు అంది. ప్రోగ్రాం రాసేశాను. గడికి 1 వస్తే తెర మీద ఆ బటన్ పేరు పక్కన చుక్క వెలగాలి, 0 వస్తే వెలగకూడదు. సాకెట్టుకి ఏ రిమోటూ తగిలించకుండా నడిపి చూస్తే ఎనిమిది చుక్కలూ వెలిగాయి. గాలిని చదువుతోందిలే అనుకున్నాను. రిమోట్లన్నీ తాళం లోపలున్నాయి, ఇంకేం పరీక్షించను. 1 అంటే ఉంది, 0 అంటే లేదు, ఇంతకంటే సహజమైనది ఏముంటుందనుకున్నాను.

ఆదివారం అరుగు నిండిపోయింది. వీధి సగం గోడల మీద కూర్చుంది. నాన్న పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిపోయాడు. కంప్యూటర్‌ని బల్ల మీద పెట్టి గుమ్మంలోకి జరిపాం. సన్నిబాబు తాళం తీసి, పసుపుగుడ్డ విప్పి, తమ్ముడి రిమోట్ తెచ్చి స్టూలు మీద పెట్టి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను దాన్ని సాకెట్టులో పెట్టి, అందరూ వినేలా, దీన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు, చూడండి అన్నాను. ప్రోగ్రాం నడిపాను.

తెర మీద ఏడు చుక్కలు వెలిగాయి. కుడి బాణం పక్కన ఒక్కటే వెలగలేదు.

సన్నిబాబు తెర మీదకి వంగి చూసి, మెల్లగా, కోపం లేకుండా అన్నాడు. "మేం ఒక్క వేలే అనుకున్నాం మావా. ఏడు వేళ్ళతో ఆడతన్నాడు."

గోడ మీద ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. ఎవరో పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టాడు. నేను మోసుకొచ్చిన సైన్సే దయ్యానికి సాక్ష్యం చెప్పింది. తాత వైపు చూశాను. ఆయన అధ్యక్షుడి కుర్చీలోంచి కదలకుండా, ఎదుటి పక్షం మాట నమోదైంది, ఇప్పుడు నీ వంతు అన్నాడు. సాయం చెయ్యలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అంతకంటే పెద్ద గౌరవం ఆయన నాకెప్పుడూ ఇవ్వలేదు.

నేను రిమోట్ మీద ఎడమ బాణం నొక్కాను. దాని చుక్క ఆరిపోయింది. వదిలాను, వెలిగింది. పైకి బాణం నొక్కాను, దానిదీ ఆరింది. ఏమిటిది అని తల తిప్పితే గుమ్మం పక్కన పలక కనిపించింది. తాత బిళ్ళ ఉంది, ఊరికే కూర్చున్నాడు. అమ్మమ్మ బిళ్ళ ఉంది. అమ్మది ఉంది, నాది ఉంది, పిన్నిది తుప్పు గీత మధ్య ఉంది, చుట్టాల బిళ్ళలు రెండూ ఉన్నాయి. నాన్న మేకు ఒక్కటే ఖాళీ. నాన్న పనిలో ఉన్నాడు.

ఆ క్షణం నా ఒంట్లో పుట్టిన వేడి ఇప్పుడు రాస్తుంటే మళ్ళీ పుడుతోంది. బిళ్ళ ఉందంటే ఊరికే ఉన్నాడని అర్థం, లేదంటే పనిచేస్తున్నాడని. రిమోట్ చేసినవాడు మా తాత పలకలాగే చేశాడు! ఎవరూ నొక్కని బటన్ 1 చెబుతుంది, నొక్కితే 0. పుట్టినప్పటి నుంచి రోజూ చదువుతున్న పలకని నేను కంప్యూటర్ ముందు కూర్చోగానే మరిచిపోయాను. సీలో దీనికి ఒక్క గుర్తు చాలు. సంఖ్య ముందు ~ పెడితే ఒకట్లు సున్నాలవుతాయి, సున్నాలు ఒకట్లవుతాయి. పాము పాకినట్టుండే ఆ చిన్న గీత ఒక్కటి చేర్చి, మళ్ళీ కంపైల్ చేసి, నడిపాను.

ఏడు చుక్కలూ ఆరిపోయాయి. కుడి బాణం ఒక్కటే వెలిగింది.

పలక చూపించి అందరికీ చెప్పాను. రైల్వేలో చేసినవాళ్ళు, పోర్టులో చేసినవాళ్ళు ముందు తలలూపారు, వాళ్ళకి బిళ్ళల సంగతి కొత్త కాదు. సన్నిబాబు కూడా విన్నాడు. విని, సరే, ఏడు వేళ్ళు కావు, కానీ ఆ మిగిలిన ఒక్క వేలు మా తమ్ముడిదే కదా అన్నాడు. న్యాయమైన ప్రశ్న. స్క్రూడ్రైవర్ తీసుకుని ఆయన చేతికే ఇచ్చాను. ఆయనే విప్పాడు.

కుడి బాణం కింద, రబ్బరు ముక్కకీ రాగి గీతలకీ మధ్య, ఎర్రటి ముద్ద. కుంకుమ, పసుపు, కొబ్బరినీళ్ళు కలిసి బంకలా అంటుకుని, సముద్రపు తేమ పీల్చుకుని, తడిగుడ్డలో ఇంకా నాని, బటన్ని ఎవరూ నొక్కకుండానే నొక్కి ఉంచింది. మిగతా బటన్ల కింద ఏమీ లేదు. అందరూ పిన్ని వైపు తిరిగారు. తాత ఇంట్లో వీధి గది దాకా పూజ నడిచిందని ఆయనకే తెలియదు. ప్రతి శుక్రవారం కొట్టు తెరిచే ముందు పిన్ని ఆ రిమోట్‌కి కుడి బాణం మీద బొట్టు పెట్టి, కొబ్బరినీళ్ళు చల్లి, దణ్ణం పెట్టుకుని మరీ పిల్లలకిచ్చేదట. లారీవాళ్ళు స్టీరింగుకి పెట్టుకోరా, అలాగే.

పిన్ని తల దించుకోలేదు. "నా నుదుటన వొద్దన్నారు గదా. దాని నుదుటన ఎట్టినాను" అంది.

నేను ఎన్నో వేదికలెక్కాను. వితంతువుల గురించి ఎంతోమంది ఉపన్యాసాలు విన్నాను, నేనూ ఇచ్చాను. ఆ రెండు ముక్కల బరువు వాటిలో దేనికీ లేదు. ఆవిడ నుదుటి మీద నుంచి మనం తుడిచేసిన కుంకుమే తిరిగి వచ్చి మన ముందు దయ్యమై నడిచింది. తుడిచిన చేతులు ఆ దయ్యాన్ని చూసి భయపడి, మళ్ళీ ఆవిడనే శిక్షించబోయాయి.

తాత స్పిరిట్ సీసా తెచ్చాడు. నేను దూదితో తుడిచి, ఆరబెట్టి, స్క్రూలు బిగించి తగిలించాను. తెర మీద ఒక్క చుక్క లేదు. సన్నిబాబు రిమోట్ చేతిలోకి తీసుకుని కుడి బాణం నొక్కాడు. వెలిగింది. వదిలాడు, ఆరింది. అలా చాలాసేపు నొక్కుతూ వదులుతూ కూర్చున్నాడు.

"అయితే ఆడు లేడన్నమాట" అన్నాడు చివరికి.

"లేడు బావగారు" అంది పిన్ని. ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి. ఆయన తాళంచెవి స్టూలు మీద పెట్టి, అమ్మమ్మ పెట్టిన ఉప్మా తిని, మధ్యాహ్నం బస్సుకి ఒక్కడే వెళ్ళిపోయాడు. ఆయనకి దొరికిన ఆ కాస్త తమ్ముణ్ణీ నేను తీసేసుకున్నానా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. లేదు. కనిపించని తమ్ముడి కోసం కనిపిస్తున్న మనిషిని మూల కూర్చోబెట్టడం ఆయన ఆ రోజు మానేశాడు. ఓదార్పుకి ఇంకొకరి బతుకు ఖర్చు చెయ్యకూడదు, నా నాస్తికత్వంలో దీనికి మించిన సూత్రం లేదు.

గోడల మీద పిల్లలు అప్పటికే కొట్టు ముందు క్యూ కట్టేశారు. పిన్ని ముఖం కడుక్కుని వచ్చి, పలక దగ్గర ఆగి, తన మేకు మీది బిళ్ళ తీసింది. తుప్పుకి అంటుకుపోయి ఉంది, కాస్త గుంజవలసి వచ్చింది. కొట్టు ఇంట్లోదే కదా, నాలుగడుగులకి బిళ్ళెందుకని తాత అడిగాడు.

"పనికెల్తన్నాను నాన్నా" అంది పిన్ని.

ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోన్‌లో ఆ పాత కంప్యూటర్లు ఎన్ని పడతాయో లెక్క కట్టలేను. అదే ఫోన్‌లో పొద్దున్నే దిష్టి మంత్రాలు వస్తున్నాయి, ముహూర్తం చూడనిదే దాని పెట్టె విప్పనివాళ్ళున్నారు. అప్పుడు ఒక వీధి మొత్తం అరుగు మీద కూర్చుని, స్క్రూడ్రైవర్ ప్రత్యర్థి చేతికిచ్చి, లోపల ఏముందో కలిసి చూసింది. ఇప్పుడు ఎవరి తెర వాళ్ళదే. వేదికల మీద నేను అరిచేదంతా ఒకటే, విప్పి చూడండి అని.

గేటు చప్పుడైంది. పిన్ని వచ్చింది. వీడియో గేములు పోయాక ఇంటర్నెట్ కొట్టు, అదీ పోయాక సెల్‌ఫోన్ల రిపేరు, ఇప్పుడూ అదే, కొట్టు మాత్రం వీధి మలుపు అవతలకి మారింది. జుట్టంతా తెల్లబడింది. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ. నేను బొట్టు పెట్టుకోను, ఆవిడ పెట్టుకుంటుంది, ఆ విషయం మీద మా మధ్య ఏ సభా జరగలేదు.

"ఒలే, ఏటి ఫోన్ సెయ్యకుండా వొచ్చేసినావు" అంటూ తాళం తీసి, మంచినీళ్ళ గ్లాసు నా చేతిలో పెట్టింది. కొట్లో ఎవరిదో ఫోన్ విప్పదీసి వచ్చిందట, సాయంత్రానికి ఇవ్వాలట, అన్నం గిన్నెలో ఉంది పెట్టుకు తినమంది. వెళుతూ పలక దగ్గర ఒక్క క్షణం ఆగింది. బిళ్ళ చేతిలోనే ఉంది. దాన్ని మేకుకి తగిలించలేదు. మళ్ళీ సంచిలో వేసుకుని, మెట్లు దిగి, గబగబా వీధి మలుపు తిరిగింది.